శేషాచలం మొక్కలకు సొంత ఇల్లు కావాలి

ఆంధ్రప్రదేశ్ అటవీ శాఖ, రాష్ట్ర జీవవైవిధ్య మండలి, తిరుమల తిరుపతి దేవస్థానం అటవీ విభాగం, రాయలసీమ విశ్వవిద్యాలయాల వృక్షశాస్త్ర శాఖల పెద్దలకు,

నమస్కారం.

నేను మొక్కల చిన్న ముక్కలను సీసాల్లో పెంచి కొత్త మొక్కలు చేసే టిష్యూ కల్చర్ ల్యాబ్‌లో పనిచేస్తాను. మా దగ్గర పెరిగేది అరటి. పులివెందుల, అనంతపురం వైపు రైతులు జీ-నైన్ అని అడిగి తీసుకెళ్ళే మొక్క మాలాంటి ల్యాబుల సీసాల్లోంచే బయటికి వస్తుంది. అంతకుముందు కొంతకాలం ఒక విశ్వవిద్యాలయంలో, శేషాచలం కొండల మొక్కల మీద పరిశోధన జరిగే ల్యాబ్‌లో ఉన్నాను. రెండు చోట్లా పని ఒకటే. అదే సీసా, మొక్క ముక్కను నిలబెట్టే అదే అగర్ జెల్లీ, సీసాలను ఆవిరితో శుద్ధిచేసే అదే ఆటోక్లేవ్, అదే చాకు. కాకపోతే ఒక అరలోని అరటి సీసాలు పాడైతే మా యజమానికి ఆ రాత్రి నిద్రపట్టదు. అడవి మొక్క సీసాలు మొత్తం పోయినా అడిగేవాళ్ళు లేరు. ఆ అడిగేవాళ్ళు మీరు కావాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

2010లో శేషాచలాన్ని జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. దాదాపు 4,756 చదరపు కిలోమీటర్లు. ఎర్రచందనం పేరు అందరికీ తెలుసు, దాని దొంగల పేర్లు కూడా పేపర్లలో వస్తాయి. దాని పక్కనే బతికే పేరీత, తంబజాలారి, మొగి, తెల్లకరక, కొండ సాంబ్రాణి, కొండ కొత్తిమీర అనే మొక్కల గురించి ఎవరూ రాయరు. వీటిలో కొన్ని ఈ కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. మిగతావి తూర్పు కనుమల్లో ఇంకొన్ని చోట్ల ఉన్నా, అక్కడా పలచబడుతున్నాయి. ఈ కొండల్లోనే ఉన్నవి పోతే తెచ్చి నాటుకోవడానికి ఇంకో అడవి లేదు.

ఈ మొక్కల్లో చాలావాటిని ల్యాబ్‌లో పెంచే పద్ధతి మనవాళ్ళు ఇదివరకే కనిపెట్టారు. తిరుపతిలో, అనంతపురంలో దశాబ్దాలుగా ఈ పని జరిగింది. ఏ హార్మోను ఎంత వేస్తే కొమ్మలు ఎక్కువ వస్తాయో, వేరు ఎప్పుడు దిగుతుందో పట్టికలతో సహా సిద్ధాంత గ్రంథాల్లో ఉంది. లేనిది ఆ మొక్క.

ఎందుకు లేదో చెప్తాను, ఎందుకంటే దగ్గర నుంచి చూశాను. అడవి చెట్టు కొమ్మను ల్యాబ్‌కు తేవడం అరటి పిలకను తెచ్చినంత సులువు కాదు. దాని లోపలే బూజు ఉంటుంది. పైన ఎంత మందుతో కడిగినా వారం తిరిగేసరికి సీసాలో తెల్లటి దూది లేస్తుంది. అది తప్పించుకున్న ముక్క కోసిన చోట నల్లని రసం కారుస్తుంది, ఆ రసానికి అదే చచ్చిపోతుంది. బొగ్గుపొడి కలపాలి, రోజు విడిచి రోజు కొత్త సీసాలోకి మార్చాలి, చీకట్లో పెట్టి చూడాలి. ఇవన్నీ దాటి ఒక ముక్క పచ్చగా నిలబడి పక్క నుంచి చిన్న మొగ్గ తోసిందంటే ఆ రోజు ల్యాబ్‌లో పండగే. అలా నిలబడిన ముక్కను నాలుగు వారాలకోసారి కోసి కొత్త అగర్‌లోకి మారుస్తూ ఉంటేనే బతుకుతుంది. స్కాలర్ ఉన్నంతకాలం మారుస్తాడు. థీసిస్ ఇచ్చేశాక ఫెలోషిప్ ఆగిపోతుంది, ఉద్యోగం వెతుక్కుంటూ హైదరాబాదో బెంగళూరో వెళ్ళిపోతాడు. ఆ తర్వాత ఒక సెలవుల్లో ఏసీ ఆగుతుంది. లేదా కొత్త స్కాలర్ తన పనికి సీసాలు కావాలంటాడు. సీసాలు కడిగేస్తారు.

నేనున్న చోట కొండ మొక్కల కల్చర్లు, అంటే సీసాల్లో బతుకుతున్న ఆ ముక్కలు, అలాగే సింకులోకి పోయాయి. ఏ ఒక్కరి మీదా నాకు కోపం లేదు. వాటిని ఉంచాలన్న బాధ్యత ఎవరి ఉద్యోగంలోనూ రాసి లేదు. ప్రాజెక్టు పేరులో సంరక్షణ అన్న మాట ఉంటుంది, ప్రాజెక్టు కాలం మూడేళ్ళు ఉంటుంది. చెట్టు వయసుకు అది సరిపోదని వృక్షశాస్త్రం చదివిన మీకు నేను చెప్పాలా?

విత్తనాలు దాచి పెట్టుకుంటే చాలదా అని అడిగేవాళ్ళున్నారు. జొన్న, సజ్జ, శనగ, కంది అయితే చాలు. పటాన్‌చెరులో మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్ళు లక్షకు పైగా రకాల గింజల్ని ఆరబెట్టి, మైనస్ 20 డిగ్రీల్లో పెట్టి కాపాడుతున్నారు. ఎండితే నిలిచే గింజకు అది బంగారం లాంటి పద్ధతి, ఖర్చు కూడా తక్కువ. మన కొండ మొక్కల్లో కూడా అలాంటి గింజలున్నవాటిని ముందు అలాగే దాచాలి. కానీ కొన్ని గింజలు ఎండితే చచ్చిపోతాయి. మామిడి టెంకను, పనస గింజను, నేరేడు గింజను ఏడాది డబ్బాలో పెట్టి మొలిపించమంటే ఏ రైతూ ఒప్పుకోడు. బ్రిటన్‌లోని క్యూ ఉద్యానవన శాస్త్రవేత్తలు 2018లో ప్రచురించిన లెక్క ప్రకారం, తీవ్ర ప్రమాదంలో ఉన్న మొక్కల్లో 36 శాతం ఇలాంటివే. ప్రపంచంలో ఎన్ని విత్తన బ్యాంకులు కట్టినా వీటికి అక్కడ చోటు లేదు.

మన తంబజాలారి ఆ కోవకు చెందినదే. జాలారి, గుగ్గిలం కుటుంబం. రెక్కలున్న గింజ గాలికి తిరుగుతూ రాలుతుంది, నేల తడిగా ఉంటే రోజుల్లోనే మొలకెత్తుతుంది, లేకపోతే అంతే వేగంగా చచ్చిపోతుంది. మొగి అయితే నేరేడుకు చుట్టం. పేరీత గింజ కూడా ఆరబెట్టి దాచుకునే రకం కాదు. అంటే ఈ కొండల్లో మనకు బాగా దగ్గరైన మొక్కలే విత్తన బ్యాంకు తలుపు బయట నిలబడి ఉన్నాయి.

వీటికి ఉన్న దారి ద్రవ నత్రజని. మైనస్ 196 డిగ్రీలు. ఆ చలిలో కణంలో ఏ పనీ జరగదు, పెరుగుదలా లేదు, ముసలితనమూ లేదు. కష్టమంతా అక్కడికి చేర్చడంలోనే ఉంది, ఎందుకంటే కణంలోని నీరు గడ్డకట్టి సూదుల్లాంటి పలుకులైతే కణం పొరలు చిరిగిపోతాయి. అందుకని సీసాలో పెరిగిన మొక్క కొన నుంచి మిల్లీమీటరు ముక్కను సూక్ష్మదర్శిని కింద కోస్తారు. చక్కెర ఎక్కువున్న అగర్ మీద ఒకటి రెండు రోజులు ఉంచి దాహం అలవాటు చేస్తారు. తర్వాత గ్లిజరిన్, ఇథిలీన్ గ్లైకాల్, డీఎంఎస్ఓ కలిపిన చిక్కటి ద్రావణంలో, మంచు మీద, నిమిషాల లెక్కన నానబెడతారు. అల్యూమినియం రేకు ముక్క మీద చుక్కలో ఆ కొనను పెట్టి నత్రజనిలో వదిలేస్తారు. నీరు మంచు అయ్యే వ్యవధి లేక గాజులా బిగుసుకుపోతుంది. మళ్ళీ కావలసినప్పుడు గోరువెచ్చని ద్రావణంలో గబుక్కున కరిగించి, మందు కడిగేసి, చీకట్లో కొన్నాళ్ళు పెడితే పచ్చబడుతుంది. అన్నీ బతకవు. అందుకే ఒక్కో రకానికి పదుల కొద్దీ కొనలు దాస్తారు.

ఇది ఊహ కాదు. ఢిల్లీలో జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ, మనమంతా ఎన్‌బీపీజీఆర్ అనేది, టిష్యూ కల్చర్ భాండాగారాన్ని 1986లోనే మొదలుపెట్టింది, అక్కడే ఇలా అతిచలిలో దాచే క్రయో బ్యాంకు కూడా ఉంది. 1990లలోనే వాళ్ళు టీ, పనస గింజల్లోంచి మొలకగా మారే పిండాక్షాన్ని మాత్రం విడదీసి, ఆరబెట్టి, నత్రజనిలో పెట్టి బతికించే పని చేశారు. గింజ మొత్తం ఎండితే చచ్చేది, లోపలి పిండం ఒక్కటే అయితే తట్టుకుంటుంది. తంబజాలారికి, మొగికి ఈ దారి పనికొస్తుందా అన్నది ల్యాబ్‌లో కూర్చుని తేల్చాల్సిన ప్రశ్న. అడవిలో చెట్లున్నంతకాలమే ఆ ప్రశ్న అడగగలం.

నత్రజని అనగానే పెద్ద ఖర్చు, పెద్ద ఊళ్ళ వ్యవహారం అన్న భయం మీటింగుల్లో వినిపిస్తుంది. దయచేసి మీ మండలంలో పశువైద్యశాలకు ఒకసారి వెళ్ళి చూడండి. మూలన ఒక అల్యూమినియం క్యాన్ ఉంటుంది, మూత తీస్తే తెల్లని పొగ కిందికి జారుతుంది. అందులో ఆబోతు వీర్యం నింపిన స్ట్రాలు ఉంటాయి. అలాంటి చిన్న క్యాన్ బండికి కట్టుకుని ఊరూరూ తిరిగే గోపాలమిత్రలు మనకు ఏళ్ళుగా ఉన్నారు. నంద్యాలలో ఘనీకృత వీర్య కేంద్రం ఉంది. అక్కడి నుంచి పల్లె దాకా నత్రజని నింపే ఏర్పాటు, ట్యాంకరు, రిజిస్టరు, లెవెల్ చూసే పుల్ల అన్నీ మన రాష్ట్రంలోనే పనిచేస్తున్నాయి. ఆ క్యాన్‌కు కరెంటు అక్కర్లేదు. వేళకు నింపితే చాలు. కరెంటు పోతే ఆగిపోయే మా కల్చర్ గదుల కంటే అది ఎంతో నమ్మకమైనది. ఒంగోలు గిత్త జాతి నిలవాలని ఆ ఏర్పాటును వాడుకున్నాం. శేషాచలం మొక్కకు కూడా ఆ క్యాన్‌లో ఒక గొట్టం ఇవ్వమని అడుగుతున్నాను.

పేరీత గురించి వేరుగా చెప్పాలి. ఇందులో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. మగ మొక్కకు వచ్చే కంకిని మందుల వ్యాపారం కోసం కోసుకుపోతారు. పుప్పొడి రాలకముందే కోస్తే ఆ చుట్టుపక్కల ఆడ మొక్కకు ఆ ఏడు గింజ కట్టదు. మొక్క చావలేదు కదా అనిపిస్తుంది, వంశం మాత్రం ఆగిపోతుంది. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం దీన్ని మొదటి అనుబంధంలో, అంటే అన్నిటికంటే కఠినమైన జాబితాలో పెట్టింది. ఓడరేవులో పట్టుకోవడానికి అది పనికొస్తుంది. కొండ మీద గింజ కట్టించడానికి ఇంకో పని చేయాలి. మగ కంకి పుప్పొడిని సేకరించి, ఆరబెట్టి, చలిలో దాచి, మగ మొక్కలు లేని వాలు మీద ఆడ మొక్క విచ్చుకున్నప్పుడు చేత్తో చల్లాలి. విదేశీ వృక్షోద్యానాల్లో పేరీత చేరే సైకడ్ వర్గపు మొక్కలకు ఇలాగే చేస్తున్నారు.

చేయకపోతే ఏమవుతుందో దక్షిణాఫ్రికాలో కనిపిస్తుంది. 1895లో జాన్ మెడ్లీ వుడ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఎన్‌గోయే అడవిలో ఈ సైకడ్ వర్గానికే చెందిన ఒక మొక్కను చూశాడు. ఒకటే మొక్క, అదీ మగది. తర్వాత ఎంత వెతికినా ఆడది దొరకలేదు. దాని పిలకలు తీసి ప్రపంచంలో ఎన్నో తోటల్లో పెంచారు, ఇవాళ వాటికి కొదవ లేదు. అన్నీ మగవే, అన్నీ ఆ ఒక్క మొక్కే. అడవిలో ఆ జాతి లేదు, దానికి గింజ లేదు.

మా ల్యాబ్ పనిలో అతిపెద్ద ప్రమాదం కూడా ఇదే. అరటిలో ఒకే తల్లి నుంచి లక్ష మొక్కలు తీస్తాం, రైతుకు కావలసింది ఆ ఒకేలాంటి గెల. అడవికి కావలసింది దానికి పూర్తిగా వ్యతిరేకం. ఒక మంచి తంబజాలారి కొమ్మ సీసాలో బాగా పెరిగిందని దాన్నే పదివేలు చేసి కొండంతా నాటితే, లెక్కలో పదివేల చెట్లు కనిపిస్తాయి, నిజానికి ఉన్నది ఒక చెట్టు. ఒక తెగులు వస్తే అన్నీ కలిసి పోతాయి. కాబట్టి ఎన్ని మొక్కలు తయారుచేశారని మీరు ల్యాబులను అడగకండి. ఎన్ని తల్లి చెట్ల నుంచి, ఏయే లోయల నుంచి తెచ్చారని అడగండి. మీ నివేదికల్లో ఆ ఒక్క గడి మారితే మా పని పద్ధతే మారిపోతుంది.

ఇక మారేడు గడ్డ. వేసవిలో రాయలసీమలో నన్నారి షర్బత్ తాగని ఇల్లు ఉండదు. సన్నని వేరుండే సుగంధిపాలతో కూడా చేస్తారు కానీ మన సీమలో ఎక్కువగా సీసాలోకి వెళ్ళేది లావాటి మారేడు గడ్డే. రాతి వాలుల్లో పాకే తీగ. గడ్డ కావాలంటే గడ్డపారతో రాళ్ళు పెకలించి మొత్తం తవ్వాలి, తవ్వితే తీగ పోతుంది. గింజ కట్టి రాలడానికి కూడా తీగ మిగలదు. తవ్వేది చెంచులు, యానాదులు, వాళ్ళకు వచ్చేది కిలో లెక్కన కూలి. వాళ్ళను ఆపి కేసులు పెడితే సమస్య తీరదు, షర్బత్‌కు గడ్డ ఎక్కడి నుంచో రావాలి.

ఈ మొక్కను టిష్యూ కల్చర్‌లో పెంచే పద్ధతిని మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్ఐ) శాస్త్రవేత్తలు 2000ల మొదట్లోనే ప్రచురించారు. కేరళలో పాలోడు ఉష్ణమండల వృక్షోద్యానం వాళ్ళు దీని దగ్గరి చుట్టమైన అమృతపాలను ల్యాబ్‌లో పెంచి అడవిలో తిరిగి నాటారు. మన దగ్గర రైతు పొలంలో మారేడు గడ్డ ఎందుకు పంటగా రాలేదు? ఎవరూ సీసా నుంచి నర్సరీ దాకా మొక్కను చేర్చలేదు కాబట్టి. జీ-నైన్ అరటి అలా చేరింది, నా కళ్ళ ముందే. రైతు ముందు నమ్మలేదు, పది మొక్కలు వేసి చూశాడు, తర్వాత ఎకరాలు వేశాడు. మారేడు గడ్డకు అరటికున్నంత మార్కెట్ లేకపోవచ్చు కానీ నన్నారి కొనేవాళ్ళకు కొదవ లేదు. గిరిజన సహకార సంస్థ కూడా నన్నారి అమ్ముతుంది. అడవి అంచు పల్లెల్లో తవ్వకానికి వెళ్ళే కుటుంబాలకే ఈ మొక్కలిచ్చి, వాళ్ళ చెలకలో పండిన గడ్డను ఆ సంస్థే కొంటే, కొండ మీద మిగిలిన తీగకు ఊపిరి ఆడుతుంది. నాకున్న ఆశలన్నిటిలో త్వరగా తీరగలిగేది ఇదేనని నా నమ్మకం.

అడవిని కాపాడడం మానేసి సీసాల్లో, క్యాన్లలో దాచుకోమంటున్నానని ఎవరైనా అనుకుంటే, అది నా మాట కాదు. ఏటా వేసవిలో కొండ అంటుకుంటోంది. మంట ఆర్పే ఫైర్ వాచర్ చేసేదే మొదటి సంరక్షణ, మాది తర్వాత. ల్యాబ్‌లో పుట్టిన మొక్క కూడా చివరికి ఆ నేలలోకే వెళ్ళాలి. జాలారి కుటుంబపు చెట్ల వేళ్ళకు మట్టిలోని శిలీంధ్రాల తోడు కావాలి. శుభ్రమైన కొబ్బరి పొట్టులో (కోకోపీట్‌లో) ముద్దుగా పెరిగిన మొక్కను తీసుకెళ్ళి కొండ మీద పెడితే రెండో వేసవికి మాడిపోతుంది. తల్లి చెట్టు మొదట్లోని గుప్పెడు మట్టి నర్సరీ సంచిలో కలపాలి. ఆ మట్టి ఉండాలంటే ఆ చెట్టు నిలబడి ఉండాలి.

నేను అడిగేది పెద్ద భవనం కాదు. తిరుపతిలో, ఇప్పుడున్న ల్యాబుల్లో ఒకదానికి అనుబంధంగా, శేషాచలం, నల్లమల మొక్కల కోసం ఒక శాశ్వత భాండాగారం పెట్టండి. రెండు మూడు నత్రజని పాత్రలు, ఒక కల్చర్ గది, ఒక నర్సరీ, ప్రాజెక్టుతో పాటు ముగిసిపోని ఉద్యోగాలు నాలుగు. దాచిన ప్రతిదానికీ రెండో భాగం ఢిల్లీ ఎన్‌బీపీజీఆర్‌కు వెళ్ళాలి, ఒక చోట ప్రమాదం జరిగితే రెండో చోట ఉండాలి కదా. విశ్వవిద్యాలయాల వాళ్ళను అడిగేది ఇంకా తేలిక. అరుదైన మొక్క మీద పనిచేసిన స్కాలర్ బతికున్న కల్చర్‌ను భాండాగారంలో అప్పగించి రసీదు తెస్తేనే థీసిస్ తీసుకోండి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, విశ్వవిద్యాలయంలో ఒక తీర్మానం చాలు.

డబ్బు ఎక్కడిది అంటే, ఎర్రచందనం వేలాల మీద ప్రయోజన పంపిణీ కింద, అంటే జీవ వనరు అమ్మితే వచ్చే దానిలో వాటాగా, జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ నుంచి రాష్ట్రానికి నిధులు వస్తున్నాయి. ఆ దుంగ ఏ కొండ నుంచి వచ్చిందో ఆ కొండ మిగతా మొక్కలకు అందులో వాటా అడగడం న్యాయమే. దేవస్థానం వారికి నా విన్నపం వేరు. తిరుమలలో అకేసియా తోటల స్థానంలో స్థానిక జాతులు పెంచాలన్న మాట చాన్నాళ్ళుగా వింటున్నాం. స్థానిక మొక్క నర్సరీలో దొరక్కపోతే చివరికి దొరికిందే నాటుతారు. స్వామి కొండ మీద స్వామి కొండ మొక్కే పెరగాలంటే తంబజాలారి, మొగి, తెల్లకరక మొక్కలు వేల సంఖ్యలో, వేర్వేరు తల్లి చెట్ల నుంచి తయారయ్యే చోటు ఒకటి ఉండాలి. దానికి మీరు పూనుకుంటే భక్తుల నుంచి సాయం రాకుండా ఉంటుందని నేను అనుకోను.

2002లో ప్రపంచంలోని చాలా దేశాలు జీవవైవిధ్య ఒప్పందం కింద ఒక లక్ష్యం పెట్టుకున్నాయి, మన దేశం కూడా అందులో ఉంది. ఆ తర్వాత దాన్ని సవరించి, 2020 నాటికి ప్రమాదంలో ఉన్న మొక్కల్లో కనీసం 75 శాతాన్ని అడవి బయట కూడా, వీలైతే పుట్టిన దేశంలోనే భద్రపరచాలన్నారు. ఆ గడువు దాటిపోయింది. శేషాచలం మొక్కల్లో ఏవి ఎక్కడ భద్రంగా ఉన్నాయో, ఎన్ని తల్లి చెట్ల నుంచి తెచ్చారో ఒక జాబితా తయారుచేసి ప్రజల ముందు పెట్టమని జీవవైవిధ్య మండలిని కోరుతున్నాను. ఖాళీ గడులు ఎక్కువుంటే ఉండనివ్వండి, కనీసం ఏవి ఖాళీయో తెలుస్తుంది.

తంబజాలారి గింజ రాలే కాలం వచ్చే వానలకు ముందే వస్తుంది. గింజ రాలిన రోజే ఏరి, తడి ఆరకుండా, అదే రోజు ల్యాబ్‌కు చేర్చాలి. అందుకు అటవీ శాఖ అనుమతి, కొండ తెలిసిన ఇద్దరు వాచర్లు, ఒక జీపు కావాలి. అనుమతి పత్రం గింజ రాలాక వస్తే ఇంకో ఏడాది ఆగాలి, కాబట్టి ఈ నిర్ణయం ఇప్పుడే తీసుకోండి. కల్చర్ పని తెలిసిన మాలాంటి వాళ్ళు ఈ జిల్లాల్లో చాలామంది అరటి ల్యాబుల్లో ఉన్నారు. మీరు పిలిస్తే సెలవు పెట్టి వచ్చి క్రిములు లేని గాలి వీచే లామినార్ బల్ల ముందు కూర్చుంటాం, ఆ రోజులకు జీతం అడగం.

మీ సమాధానం కోసం ఎదురుచూస్తూ,

భవదీయ,
తిరుపతి జిల్లా నుంచి ఒక టిష్యూ కల్చర్ ల్యాబ్ ఉద్యోగి